రాజుగారి బల్లకు ఏసీ గాలి

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది, నేను ఉద్యోగం మానేసి ఊరికి వచ్చేయడానికి కొంతకాలం ముందు, మస్కట్‌లోని ఒక విల్లాలో పాత ఫ్రెంచి రాతబల్లను పరీక్షించే పని నాకు అప్పగించారు. అప్పట్లో అల్ అమెరాత్‌లోని ఒక ఫర్నిచర్ కంపెనీలో మరమ్మతుల విభాగానికి సూపర్‌వైజర్ని. రెసిడెంట్ కార్డులో మాత్రం నా వృత్తి ‘కార్పెంటర్’. నేను చేసేది మార్కెట్రీ అని చెబితే, మార్కెటింగ్ వాళ్లకు ఉలితో పనేమిటని వీసా కాగితాలు చూసే మా పీఆర్వో నిజంగానే అడిగాడు.

మార్కెట్రీ అంటే రంగురంగుల చెక్కలను పలుచని రేకులుగా కోసి, వాటిని పువ్వులు, ఆకులు, పిట్టల ఆకారంలో కత్తిరించి, సందు కనబడకుండా బల్ల మీద అతికించే పని. ఆకుకు నీడ కావాలంటే రంగు పూయరు. రేకు అంచును వేడి ఇసుకలో పెట్టి కమిలిస్తారు. ఇలా చెక్కలో చెక్క పొదిగే పనిని నేను మైసూరులో నేర్చుకున్నాను. ఫ్రెంచి పద్ధతులు గల్ఫుకు వచ్చాక, ఇలాంటి విల్లాల పుణ్యమా అని నేర్చుకున్నవే.

విల్లా యజమాని ఒమాన్ లోపలి ఊరు ఇబ్రా నుంచి వచ్చిన పెద్దమనిషి. ఇంట్లో పనిచేసేవాళ్లందరూ ఆయన్ను అర్బాబ్, అంటే దొర, అంటారు. ఇల్లు అలంకరించడానికి ఆయన ఒక డిజైన్ కన్సల్టెంటును పెట్టుకున్నారు. ఆ కన్సల్టెంటుగారు నన్ను గుమ్మంలోనే ఆపి, బల్ల ఫ్రెంచి రాజుగారి కాలం నాటిదనీ, బహుశా రాజభవనంలోదేననీ, చేతులు కడుక్కుని రమ్మనీ చెప్పారు. కడుక్కున్నాను. రాజుగారు ఎప్పుడో పోయారు కనుక, ఆయన తరఫున మర్యాదలు అడగడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా.

బల్ల ఒక పక్కన పూలగుత్తి రేకులు పైకి లేచి ఉన్నాయి. మధ్యలో సన్నని పగులు. కారణాన్ని కన్సల్టెంటుగారు బల్లను ముట్టుకోకుండానే తేల్చేశారు: పనిమనిషి తడిగుడ్డతో తుడిచింది. వీసా రద్దు చేసి ఆమెను ఇంటికి పంపేయాలని అర్బాబ్‌కు సలహా కూడా ఇచ్చేశారు. ఇక మిగిలింది నా సంతకం. మా పద్ధతి ప్రకారం మరమ్మతుకు ముందు నష్టానికి కారణం రాసివ్వాలి.

ఆ పనిమనిషి పేరు రెడ్డమ్మ, రాయచోటి దగ్గరి పల్లె. నాకు టీ తెచ్చింది. మాదీ ఉమ్మడి కడప జిల్లానే అని తెలియగానే కప్పు అక్కడే పెట్టేసింది.

“అన్నా, నేను తడిగుడ్డ ఎయ్యల్యా. ఎండుగుడ్డతోనే తుడిసినా. ఆయప్ప ఇంగ్లీసులో చెప్తాండాడు. నేను చెప్పేది ఎవురింటారు?”

“ఏడవాకమ్మా. బల్ల ఏం చెప్తాదో సూడనీ,” అన్నాను.

ఇలాంటి బల్లలకు లక్కతో పాలిష్ చేస్తారు. దాని మీద తడి నిలిస్తే తెల్లని మచ్చ పడుతుంది. ఇక్కడ ఒక్క మచ్చ లేదు. పైగా లేచిన రేకులన్నీ ఒకే పక్కన ఉన్నాయి. తలెత్తి చూస్తే, సరిగ్గా దాని పైన ఏసీ గ్రిల్లు ఉంది. టిష్యూ కాగితం పట్టుకుంటే జెండాలా రెపరెపలాడింది. పొడిగాలికి అడుగు చెక్క కుంచించుకుపోతుంది, పైన అతికించిన రేకు లేస్తుంది. బల్లను అక్కడ పెట్టించింది కన్సల్టెంటుగారే. వెలుతురు బాగుంటుందట.

ఆ మాట చెబితే, ఏసీ గాలి ఇంట్లో అందరికీ తగులుతోందనీ, ఎవరూ పగల్లేదనీ ఆయన అన్నారు. మనలో ఎవరినీ జిగురుతో అతికించలేదు కనుక అని జవాబిచ్చాను. రాజుల కాలం నుంచి నిలిచిన బల్లకు ఏసీ ఒక లెక్కా, ఇది తెలివిలేని చేతుల పనే అన్నారు. అప్పటికి అర్బాబ్ కూడా వచ్చి నిలబడ్డారు. ఇక వయసు సంగతి కూడా చెప్పక తప్పలేదు. ఆ కాలంలో రేకులను చేత్తో కోసేవారు. అవి మందంగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఇవి పలుచగా, అంతటా ఒకే మందంలో ఉన్నాయి. యంత్రం కోసినవి. ఇది చాలాకాలం తర్వాత పాత పద్ధతిలో చేసిన బల్ల. మంచి పనే, కానీ ఏ రాజూ దీని మీద మోచెయ్యి ఆన్చలేదు.

కన్సల్టెంటుగారి ముఖం ఎర్రబడింది. అర్బాబ్ నవ్వారు.

“నాకు తెలుసు,” అన్నారు హిందీలో. “మా తాత దీన్ని జాంజిబార్‌లో ఒక వ్యాపారి దగ్గర కొన్నాడు. ఇబ్రాకు ఉత్తరాలు దీని మీదే రాసేవాడు. ఇతను అతిథులకు అంత సంతోషంగా రాజు కథ చెబుతుంటే, అడ్డురావడం మర్యాద కాదని ఊరుకున్నాను.”

తర్వాత ఆయన నవ్వు ఆగింది. కన్సల్టెంటు వైపు తిరిగి, “రాజు సంగతి నీకు తెలియదు. మరి గుడ్డ సంగతి ఎలా తెలిసింది?” అని అడిగారు.

కన్సల్టెంటుగారు ఇంగ్లీషులో వెలుతురు గురించి మొదలుపెట్టారు.

అర్బాబ్ రెడ్డమ్మను పిలిచి, గుడ్డ తడిదా పొడిదా అని మొదటిసారి ఆమెనే అడిగారు. “సూఖా, అర్బాబ్,” అంది, పొడిదేనని. ఆయన తలాడించి లోపలికి వెళ్లిపోయారు. వీసా మాట మళ్లీ రాలేదు.

బల్లను లోపలి గోడ పక్కకు జరిపించి, రేకులను అసలు వాడిన రకం జిగురుతోనే అతికించాను. చర్మాలు కాచి చేసే ఆ జిగురును, తర్వాత ఎవరికైనా అవసరమైతే వెచ్చచేసి విప్పుకోవచ్చు. రెడ్డమ్మకు ఎవరూ క్షమాపణ చెప్పలేదు. మెత్తని కుంచె ఒకటి చేతికిచ్చి, ఇకనుంచి జాగ్రత్తగా తుడవమన్నారు. ఇన్నాళ్లూ అజాగ్రత్తగా తుడిచినట్టు. కన్సల్టెంటుగారు మాత్రం పుస్తకాల గది అలంకరణకు మారారు.

ఆ రోజు ఆమెను నిలబెట్టింది నా చెక్క శాస్త్రం కాదు. రాజు విషయంలో కన్సల్టెంటు పొరబడడం. ఆయన తడిగుడ్డ ఒక్కదాని విషయంలోనే పొరబడి ఉంటే, ఆమె విమానం ఎక్కేది. అందుకే మిగిలిన సర్వీసులో ఎక్కడికి పిలిచినా, తప్పు ఎవరిదో ముందే తేల్చినవాళ్లు ఇంకా ఏమేం తేల్చారో విచారించాకే పనిముట్లు తీసేవాణ్ణి.