నా సైకిలు నటించిన సినిమా

మా అల్మారాలో ఎవరికీ తెలియని సినిమాల డిస్కులు అరవై దాకా ఉన్నాయి. పెద్ద సినిమాలు నేను కొనను. అవి ఎక్కడైనా దొరుకుతాయి, వాటిలో తప్పులు దొరకవు. నావాటిలో చనిపోయినవాడు దోమ కుడితే చెయ్యి కదుపుతాడు. రెండోసారి తీసే స్తోమత లేక, ఆ రోజు ఎలా జరిగిందో అలాగే ఉండిపోయింది. నాలాంటివాళ్లు వెతుక్కునేది అదే.

నాకీ అలవాటు ఒక అవమానంతో మొదలైంది. టాటానగర్ రైల్వేలో పనిచేసే ఒకాయన, మా తెలుగువాడే, సెలవురోజుల్లో అక్కడి గోల్‌మురి పేటలో సినిమా తీశాడు. నాకూ వేషం ఇచ్చాడు. ఉద్యోగం పోయిన కథానాయకుడి ముందునుంచి సైకిలు తొక్కుకుంటూ వెళ్లాలి. నాలుగు ఆదివారాలు వెళ్లాను. ఎండ సరిగ్గా లేదని ఒకసారి, కెమెరా రాలేదని ఒకసారి, ప్రతిసారీ ఏదో చెప్పి తిప్పి పంపాడు. ఐదో ఆదివారం నాకు డ్యూటీ పడింది. సైకిలైనా పంపమన్నాడు. పంపాను.

సినిమా ఎక్కడా ఆడలేదు. కొన్ని డిస్కులు చేయించి తెలిసినవాళ్లకు పంచాడు. నాకివ్వలేదు. దానికోసం ఏళ్లపాటు తిరుగుతూ కంటబడిన చిన్న సినిమాలన్నీ కొన్నాను. చివరికి జుగ్సలాయి బజారులో పాత సామాన్లవాడి గోనెసంచిలో దొరికింది. సైకిలు నాదే. మడ్‌గార్డు మీద నేను వేసిన ఎర్రరంగు కూడా కనిపిస్తోంది. తొక్కుతున్నది సినిమా తీసినాయన బావమరిది.

ఈమధ్య ఆయన మా ఇంటికి వచ్చాడు. రిటైరయ్యాడు. తన దగ్గర ఒక్క డిస్కూ మిగల్లేదట.

“తమ్ముడూ, ఒక్కపాలి ఇయ్యి. కాపీ తీసి వాపస్ ఇచ్చేత్తాను.”

“ఇవ్వను. చూత్తానంటే కూకో.”

కూర్చున్నాడు. సైకిలు రాగానే ఆపాను.

“ఇది ఎవలదో గుర్తుందేటి?”

“నేదు. మా బావమరిది ఎలా తొక్కాడో చూడు, ఏక్‌దమ్ హీరోనాగ!”

“సైకిలు నాది.”

“అయితే నువ్వూ ఏక్ట్ చేసినట్టే గదరా!” అని నవ్వాడు.

నేను నవ్వలేదు. మళ్లీ ఆడించాను. తరువాతి సీనులో నాయిక ఏడుస్తుంటే వెనకనుంచి ఎవరో ముసలావిడ, “ఒరే, టీ సల్లారిపోతంది” అంటుంది. ఇన్నేళ్లుగా నేను అందరికీ చూపించి నవ్వించే తప్పు అదే.

“మా అమ్మ,” అన్నాడాయన. “ఆవిడ గొంతు ఇంకెక్కడా నేదు.”

మళ్లీ పెట్టమన్నాడు. పెట్టాను. మూడుసార్లు విన్నాడు. కాపీ అడిగితే ఆదివారం రమ్మన్నాను.

వచ్చాడు. కరెంటు సరిగ్గా లేదని పంపించాను. ఆ తరువాతి వారం కాపీ తీసే మెషీను రాలేదన్నాను. ఆయన టీ తాగి వెళ్లాడు.

కాపీ మొదటి వారమే తీయించి అల్మారాలో పెట్టాను. నాలుగింటిలో ఇంకా రెండు ఆదివారాలున్నాయి.