అయ్యగారి బండికి కొత్త సైలెన్సరు

మొన్న బందరు బస్టాండు దగ్గర నేనెక్కిన ఆటో ఆగిపోయింది. ఏమిటా అని తల బయటపెట్టి చూస్తే, పోలీసులు కుర్రాళ్ల మోటార్ సైకిళ్ల నుంచి ఊడబీకిన సైలెన్సర్లన్నీ రోడ్డు మీద వరసగా పరిచి, రోడ్డు రోలరుతో తొక్కిస్తున్నారు. చెవులు చిల్లులు పడేలా చప్పుడు చేస్తున్నాయట. "మంచి పని చేశారు మామ్మగారూ" అన్నాడు ఆటో అబ్బాయి. బండికి చప్పుడు లేకపోతే ఎంత గొడవో ఆ పిల్లాడికేం తెలుసు. దాని మూలంగా నా పెళ్లే ఆగిపోబోయింది.

మా మేనమామ దివిసీమలో నాలుగు పల్లెల చర్చిలకి పాస్టరు. మాకు మావయ్య, ఊరందరికీ అయ్యగారు. యుద్ధం అయ్యాక మిలిటరీవాళ్లు వేలం వేసిన మోటార్ సైకిలు ఒకటి ఆయనకి ఉండేది. దాని సైలెన్సరు ఎప్పుడో తుప్పు పట్టి చిల్లులు పడింది. ఆదివారం పొద్దున బండి లాకులు దాటి కాలవగట్టు ఎక్కిందంటే మా పల్లె చివరింటిదాకా వినపడేది. మాలో గడియారం ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు. ఆ చప్పుడు విన్నాకే ఆడవాళ్లు పొయ్యి మీది కూర దించేవారు, మగవాళ్లు నెత్తిన నాలుగు చెంబులు గుమ్మరించుకునేవారు. బండి వచ్చి ఆగేసరికి చర్చిలో చాపలు నిండిపోయేవి. ఒకసారి గంట కొందామని చందాలు పోగుచేసి, అయ్యగారి బండి ఉండగా గంటెందుకులే అని ఆ డబ్బుతో పైకప్పుకి పెంకులు వేయించారు మా పెద్దలు. అదీ మావాళ్ల తెలివి.

నాకు ఇరవై నాలుగేళ్లు వచ్చాక గుడివాడ సంబంధం కుదిరింది. వరుడు బస్సుల వర్క్‌షాపులో మెకానిక్కు. మాలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో సంఘం ఎదుట ప్రకటన చదవాలి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని అడగాలి. రెండు చదివారు. మూడోది చదివిన తర్వాతి మంగళవారం పెళ్లి. ఆ మర్నాడు బుధవారంతో శ్రమదినాల ఉపవాసాలు మొదలు, ఇక ఈస్టరు దాకా పెళ్లిళ్లుండవు. అంతకుముందు నాకు కుదిరిన సంబంధం ఒకటి సరిగ్గా ఇలాగే ఈస్టరు తర్వాత చూద్దామని వాయిదా పడి, తర్వాత మరి అతీగతీ లేకుండా పోయింది. ఆ ఏడాదంతా నీళ్లరేవుకి వెళ్తే చాలు, ఆడవాళ్లు మాటలాపేసి నన్ను జాలిగా చూసేవారు. ఆ చూపులు ఇంకోసారి పడే ఓపిక నాకు లేదు.

ఇక మా వరుడుగారి ఘనకార్యం. టౌను చర్చిలో ఎవరో పెద్దమనిషి, అయ్యగారు వస్తుంటే వడ్లమిల్లు నడిచొస్తున్నట్టుందని నవ్వాడట. మావయ్య చిన్నబుచ్చుకున్నాడని తెలిసి, పెళ్లి చేయించే అయ్యగారికి కానుకగా ఈయన శనివారం కొత్త సైలెన్సరు పట్టుకుని మావయ్య ఇంటికి దిగాడు. అది ఆ బండికి పుట్టింది కాదు, వేరే బండిది. కోసి, అతికి, బోల్టులు బిగించాడు. దానితో ఊరుకున్నా బావుండేది. పొగ గొట్టం ఇరుకైతే కార్బురేటరులో పెట్రోలు వెళ్లే జెట్టు కూడా ఇరుకు కావాలట. ఆ ఇత్తడి ముక్క బెజ్జం టంకంతో పూడ్చి, సన్నటి తీగతో మళ్లీ పొడిచాడు. బండి పిల్లిలా నడిచిందని మురిసిపోయారు ఇద్దరూ. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే.

ఆదివారం మా అమ్మా నేనూ ముందే చర్చికి వెళ్లి కూర్చున్నాం. చప్పుడేమీ లేకుండా గుమ్మంలో మావయ్య ప్రత్యక్షమయ్యాడు. లోపల మేమిద్దరం, పల్లెలో ప్రార్థనలు నడిపే ఉపదేశిగారు, అంతే. అమ్మ గుండె బాదుకుంటూ ఇంటింటికీ పరిగెత్తింది. "బండి చప్పుడు రాలేదుగా వదినా, అయ్యగారెలా వస్తారు" అన్నారట అందరూ. వచ్చారు మొర్రో అంటే, చప్పుడు వచ్చాక లేస్తాంలెమ్మన్నారట. ఇలాంటి జనంతో ఏం వేగుతాం చెప్పండి. అవతల ఊళ్లో సంస్కారపు బల్ల ఆరాధనకి టైమవుతోందని మావయ్య గడియారం చూసుకుంటున్నాడు. ఈ ముగ్గురికే చదివెయ్యమని నేను బతిమాలితే, "గోడలకి చదివితే చెల్లదమ్మా. ఈస్టరు ఎంతలో వస్తుంది" అన్నాడు.

ఈస్టరు మాట వినేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. లేచి బయటికొచ్చాను. ప్రకటనల రోజుల్లో వరుడు పెళ్లికూతురి ఊరు రాకూడదు. తన పనితనం చూసుకోవాలని ఈయన వెనక సీటెక్కి వచ్చేశాడు, బండి దగ్గర నిలబడి దాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు. అప్పటిదాకా మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకుంది లేదు.

"ఏవండీ, ఆ సైలెన్సరు పీకెయ్యండి" అన్నాను.

ఆయన బిత్తరపోయి, "జెట్టు తగ్గించానండి. ఇప్పుడిది పీకితే పెట్రోలు చాలక గొట్టంలో పేలుతుంది" అన్నాడు.

"పేలనివ్వండి."

ఇంకేం అడగలేదు. ఆ గుడ్డే చేతికి చుట్టుకుని, సెగలు కక్కుతున్న గొట్టాన్ని అక్కడికక్కడే ఊడదీసి గట్టు మీద పడేశాడు. బండి స్టార్టు చేసి రెండుసార్లు పిడి తిప్పాడో లేదో, దీపావళి టపాకాయల జడకి మల్లే ఢాం ఢామని పేలడం మొదలుపెట్టింది. బండి పేలి అయ్యగారు పోయారనుకున్నారు జనం. సీకాయ నురగ తలతో ఒకావిడ, తువ్వాలు కట్టుకున్న తాతగారు, పక్క చేలో మినుము పీకిస్తున్న ఆసామీ, ఆయన కూలీలు, అందరూ పరిగెత్తుకొచ్చారు. మావయ్య గబగబా ప్రకటన చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండన్నాడు. "పెళ్లి మీద లేదండి, బండి మీదుంది" అన్నాడు వెనక నుంచి ఆసామి. చర్చంతా నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు, మంగళవారం ఖాయమేగా అని మావయ్యని మరోసారి అడిగాను.

మంగళవారం పెళ్లి జరిగింది. ఆయన కుడిచేతి రెండు వేళ్లకి గుడ్డ కట్టు ఉంది. ఉంగరం జారవిడిచాడు, సూత్రం ముడి వెయ్యలేకపోతే ఆడపడుచు వేసింది. ఇదేం చేతగాని మనిషిరా బాబూ అని లోపల్లోపల విసుక్కున్నాను. ఆ తర్వాత ఎవరింటికెళ్లినా ఆయన ఈ కథ చెప్పి, "మా ఆవిడ నాతో అన్న మొదటిమాటే పీకెయ్యండి అని" అని నవ్వించేవాడు. తప్పంతా మీదేనని నేను ప్రతిసారీ దెప్పేదాన్ని. ఆ రెండు వేళ్ల మీద చర్మం చివరిదాకా నున్నగానే ఉండిపోయింది. నలభై ఏడేళ్లు ఆ చెయ్యి పట్టుకునే రోడ్లు దాటాను, బస్సులెక్కాను. ఆ రోజు బాగా కాలిందా అని ఒక్కసారీ అడగలేదు. తీరిక లేక కాదు, అడగటానికి ఇంకా బోలెడంత కాలం ఉందనుకుని.