అన్న అస్థికలతో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఢిల్లీ దాకా

మా అన్నకు పిల్లలు లేరు. పోయేముందు నన్నే అడిగాడు, "చెల్లే, నన్ను ప్రయాగల కలుపు" అని. పదో రోజు దాటకూడదు. తెలంగాణ ఉద్యమం రోజులవి. రైల్‌రోకోతో ఇటు రైళ్లు ఆగిపోయాయి. అందుకే జీవితంలో మొదటిసారి విమానం టికెట్ కొన్నాను. హైదరాబాద్ నుంచి ఢిల్లీ సుమారు పన్నెండు వందల యాభై కిలోమీటర్లు, గాలిలో రెండుంపావు గంటలు. అక్కడ రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి ప్రయాగ. తొమ్మిదో రోజు పన్నెండున్నర విమానం తప్పితే అన్నకిచ్చిన మాట తప్పినట్టే. మా ఆయన మోకాళ్ల నొప్పులతో నడవలేరు, ఒక్కదాన్నే బయల్దేరాను.

ఆ రోజు బంద్. ఉదయం ఆరింటికే దిల్‌సుఖ్‌నగర్‌లో ఆటో కోసం నిలబడ్డాను. ఎల్బీనగర్, బడంగ్‌పేట్ మీదుగా విమానాశ్రయం ముప్పై కిలోమీటర్లు, మామూలుగా గంట దారి. స్టీలు డబ్బాలో అస్థికల ముంత ఉందని చెబితే ఇద్దరు ఆటోవాళ్లు ఎక్కించుకోలేదు. ఎనిమిదింటికి దొరికిన మూడో అతను యాదయ్య. "గా డబ్బాల ఏందమ్మా?" అన్నాడు. "ప్రసాదం" అన్నాను. రోజూ దేవుణ్ణి తలిచే నోటితోనే ఆ మాట అన్నాను. ఆరు వందలకు ఒప్పుకున్నాడు.

ఎల్బీనగర్‌లో వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే బంతి కూర్చుని తింటూ దారి ఆపేవారు. గంటన్నర కదల్లేదు. డబ్బా నేల మీద పెట్టకూడదు కనుక ఒళ్లోనే పెట్టుకున్నాను, కాళ్లు తిమ్మిరెక్కాయి. ఒకావిడ విస్తరితో వచ్చింది.

"ఎంతసేపు గట్ల కూసుంటవ్ అక్కా? రెండు ముద్దలు తిను."

"వద్దమ్మా."

"ఏం, మా పప్పు పడదా? ఏ ఊరు రాణివి?"

"నల్లగొండనే తల్లీ. మా అన్న అస్థికలు ఒళ్లె ఉన్నయి. కలిపేదాక ముద్ద ముట్ట."

నెమ్మదిగానే అన్నాను. అయినా యాదయ్య వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడ మాత్రం అటు తిరిగి గొంతెత్తింది. "ఓ, జర లేవుండ్రి! ఆటోల పెద్దమనిషి ప్రయాణం పోతుండు, తొవ్వియ్యుండ్రి!" తింటున్నవాళ్లు విస్తళ్లు చేతుల్లోకి తీసుకుని లేచి నిలబడ్డారు.

బడంగ్‌పేట్ దాటాక యాదయ్య అడిగాడు. "ప్రసాదమంటివి గదమ్మా."

"తప్పే నాయనా. చెప్తే ఎవ్వరు ఎక్కించుకోలే."

"నన్నడగకపోతివి. మా నాయినను గీ ఆటోలనే తీస్కపోయి మూసీల కలిపిన. ప్రయాగ నాతోని యాడైతది?" పదకొండింటికి నన్ను విమానాశ్రయం దగ్గర దింపి అన్నాడు. "మల్లయ్య మా నాయిన పేరు. ఆడ ఒక్కసారి అనుండ్రి."

విమానంలో డబ్బా పైఅరలో పెట్టమన్నారు. నేల కాదు కదా అని ఒప్పుకున్నాను. ఆ తర్వాత ఏమీ తెలియదు, ఢిల్లీలో చక్రాలు నేలకు తగిలినప్పుడే మెలకువ వచ్చింది.

పదో రోజు పొద్దున సంగమంలో పడవ మీది నుంచి అన్నను నీళ్లలో కలిపాను. తర్వాత దోసెడు నీళ్లు తీసుకుని మల్లయ్య పేరు చెప్పి వదిలాను. యాదయ్యతో ఆడిన అబద్ధం దాంతో తీరిందో లేదో దేవుడికే తెలియాలి. పన్నెండు వందల కిలోమీటర్లు నిద్రలో పోయాయి. నాకు గుర్తున్నది ఆ ముప్పయ్యే.

అస్థికలతో వెళ్లేవారికి ఒక్క మాట: ఆటో ఎక్కకముందే నిజం చెప్పండి. ఇద్దరు కాదంటారు. మూడో మనిషి కోసం ఇంకో గంట ముందు బయల్దేరండి.