దేవుడు గవాయి

మొన్న సోమవారం పొద్దుగాల మా సారు పోయిండు. గోడకు గోడ ఆనుకున్న ఇల్లు. కబురు ఇనంగనే బట్ట నేసే సాంచె బందువెట్టి అట్లనే నిలబడ్డ. మా ఊరి బడిల ఎన్నో ఏండ్లు చదువు చెప్పిన మనిషి, చర్చి వాడ పెద్ద. నేను ఐదు దాక చదివినోన్ని, తప్పులుంటే మన్నించుండ్రి.

నా బిడ్డ సర్పంచ్ గెలిచిన నాటి సంబురం ఏం చెప్పాలె! సాంచెల మీద బతికినోని బిడ్డ, పంచాయతీ కుర్చీల! ప్రమాణం చదువుడు సారే నేర్పిండు. ‘దైవసాక్షిగా’ అన్న కాడ బిడ్డ తడబడితే, "సాక్షి అంటే గవాయి, బిడ్డా. దేవుడు గవాయి. మాట నీది, నిలవెట్టుకునుడు నీది" అన్నడు.

నాకది తలకెక్కలే. తెల్లారితే ప్రమాణమనంగ, మా కులదేవుని పటానికి పెద్ద ఫ్రేం కట్టించి ఆఫీసుకు కొంటవోయిన. సర్పంచ్ కుర్చీ ఎన్క గోడకు మేకు కొట్టిన. చూస్తే గడపల సారు.

"తమ్మీ, గవాయిని తెచ్చి జడ్జి కుర్చీ ఎన్క నిలవెడ్తవా?"

"మీది వేరే దేవుడనేనా సారూ, గిట్లంటున్నవు?" అనేసిన. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతది.

సారు నవ్విండు. "మా పాస్టరు సిలువ తెస్తనంటే పొద్దుగాలనే వద్దన్న. ఆయన గూడ నీ లెక్కనే అలిగిండు. రేపు నల్లా నీళ్లు రాలేదని ఎవరన్న వస్తరు. గోడ చూసి, అడగాల్నా వద్దా అని గడపల ఆగొద్దు తమ్మీ."

"పటం ఇంట్ల పెడదాం బాపూ, రోజు మొక్కినంకనే ఇటొస్త" అన్నది నా ఎన్కనే వచ్చిన బిడ్డ. ఫ్రేం చంకల వెట్టుకొని ఇంటికొచ్చిన. మేకు మాత్రం ఊడిరాలే, బాగ దిగగొట్టిన గద!

సారుకు భక్తి తక్కువని అనుకోకుండ్రి. రోజు తెల్లారంగ ఆయన ప్రార్థన మా గోడ ఇవతలికి ఇనవడేది. బిడ్డ గెలిచిన నాటి సంది అండ్ల నా బిడ్డ పేరు ఉండేది. ‘ఈమెకు న్యాయం జేసే బుద్ధియ్యి ప్రభువా’ అనుకుంట. అది అయినంకనే నేను సాంచె నడిపేటోన్ని. ఇప్పుడు గోడ అవతల చప్పుడు లేదు. సాంచె మీద చెయ్యి పడుతలేదు.

నిన్న పంచాయతీ కాడ కూసున్న. చర్చి వాడ ముసలామె బిందె పట్టుకొని సక్కగ లోపలికే పోయింది. "ఏందే సర్పంచమ్మా, మూడొద్దులాయె నల్లా రాక! నిద్రవోతున్నవా?"

"వస్తున్న పెద్దమ్మా" అని నా బిడ్డ లేచి, చెయ్యి ఎన్కకు చాపింది. నేను కొట్టిన మేకుకు నీళ్ల ట్యాంకు తాళంచెవి ఊగుతుండె.