శూన్యమాసంలో ఫారిన్ కచేరీలు

గనుల డబ్బును ఏం చేసుకోవాలో తోచక బళ్ళారి జనం రకరకాల పనులు చేసిన రోజులవి. ఒకాయన కుక్కలకు ఏసీ గది కట్టించాడు. ఇంకొకాయన మన గుంతల్లో నడవని కారు కొని, రోజూ షెడ్డులోనే కడిగించి, తుడిపించి, మళ్ళీ గుడ్డ కప్పించేవాడు. మా ధణి మాత్రం విదేశాల నుంచి ఆర్కెస్ట్రాలు తెప్పించాడు.

ధణి అంటే యజమాని. లారీల వాళ్ళు ఆయన్ని అలా పిలిచేవాళ్ళు, మెల్లగా ఊరంతా అలాగే పిలిచింది. రూపనగుడి వైపు రైతులు వాళ్ళు. తాతల నాటి నుంచి వేరుశనగ, మిరప వేసుకుంటూ బతికి, ఖనిజానికి గిరాకీ రాగానే లారీలు కొన్నారు. ఆయన కూతురు నా దగ్గర వయొలిన్‌కు చేరి, సరళీ స్వరాలు దాటకుండానే విసుగొచ్చి కీబోర్డుకు వెళ్ళిపోయింది. ఆ పరిచయం పట్టుకుని ఒక మధ్యాహ్నం ఆయన కౌల్ బజార్‌లో, బట్టల దుకాణం మీద నేను పాఠాలు చెప్పే గదికి రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు.

"టీచరమ్మా, మన ఊరికి ఫారిన్ ఆర్కెస్ట్రా తెస్తాండా" అన్నాడు, ఎరువుల లోడు తెస్తున్నంత మామూలుగా.

"ఎందుకప్పా?" అన్నాను. నోటికి అదే వచ్చింది.

ఖనిజం కొనేవాళ్ళు ఆయన్ని వాళ్ళ దేశానికి పిలిచి, ఒక సాయంత్రం మర్యాద కోసం కచేరీకి తీసుకెళ్ళారట. "ఆడ ఏసీ హాల్లో మెత్తని కుర్చీలో కూర్చోబెట్టినారు. ముందర అంతమంది వాయిస్తాండారు. ఒక్కరు దగ్గలే, ఒక్కరు ఫోన్ ఎత్తలే. అబ్బబ్బ, ఏం నిద్ర పట్టిందనుకున్నారు! లారీలు పెట్టినప్పట్నుంచి నాకట్ల నిద్ర పట్టలేదమ్మా. మనోళ్ళకి గూడా ఆ సుఖం తెలియాల కదా."

సంగీతం గురించి ఇంత నిజాయితీగా మాట్లాడిన రసికుణ్ణి నేను అంతవరకు చూడలేదు. పెద్ద సభల్లో తల ఊపేవాళ్ళలో సగంమందికి ఉన్న కోరిక ఇదే, చెప్పుకునే ధైర్యం ఉండదు.

చలికాలంలో విదేశీ బృందాలు హైదరాబాదు, బెంగళూరు వస్తుంటాయి. మధ్యలో బళ్ళారిలో వాళ్ళను దింపాలని ఆయన పథకం. ధనుర్మాసంలో పెళ్ళిళ్ళు ఉండవు, ఆయన ఏసీ కల్యాణమండపం ఖాళీగా ఉంటుంది. శూన్యమాసంలో కొత్తగా ఈ పనేమిటని ఇంట్లోవాళ్ళు అడ్డం పడ్డారు. ఫారిన్‌వాళ్ళకు శూన్యమాసం వర్తించదని ఆయనే తీర్పు చెప్పేశాడు. మూడు కచేరీలు: మొదట పెద్ద ఆర్కెస్ట్రా, తరువాత ఒక పియానో ఆయన, చివర ఒంటరిగా వాయించే వయొలిన్ ఆవిడ. వయొలిన్ పట్టుకోవడం తెలిసిన మనిషి ఆయనకు నేనొక్కతెనే కాబట్టి సంగీతానికి సంబంధించిన పెత్తనమంతా నాకిచ్చాడు. నేను ఒక్కటే షరతు పెట్టాను. మూడు కచేరీలకూ ప్రార్థన నేనే వాయించాలి, పూర్తిగా వాయించాలి.

ప్రార్థన సంగతి చెప్పాలి. మా వైపు బ్యాంకు తెరిచినా, రక్తదాన శిబిరం పెట్టినా, ముందు ప్రార్థన, తరువాత దీపం, స్వాగతం, సన్మానం, ఆ తరువాతే అసలు పని. ఇరవై ఏళ్ళుగా నేను ఊరి ప్రార్థన మనిషిని. నేను వాయిస్తుంటే కుర్చీలు సర్దుతారు, పూలు విడదీస్తారు, అతిథి ఎక్కడిదాకా వచ్చాడో ఫోన్‌లో అడుగుతారు. ఉన్నమాట చెప్పాలంటే మైకు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికే ప్రార్థన పెడతారు.

నేను బాగా వాయిస్తాను. వినయం కోసం అబద్ధం ఆడలేను. కానీ ఆ సంగతి మా గురువుగారు పోయాక నాకు తప్ప ఎవరికీ తెలియదు. వయొలిన్ తెలిసిన మనిషి ఒక్కరు, ఒక్కసారి, మొదటి నుంచి చివరిదాకా నా వాయిద్యం వినాలి. నా కోరిక అంతే. పిల్లలు లేనివాళ్ళు పిల్లల కోసం మొక్కుకున్నట్టు నేను దీనికోసం మొక్కుకునేదాన్ని. నవ్వితే నవ్వండి.

మొదటి కచేరీ రోజు ఆర్కెస్ట్రావాళ్ళు బస్సు దిగేసరికే వాళ్ళ నల్ల కోట్ల మీద మన ఎర్రమట్టి పడింది. దులుపుకునేకొద్దీ అది లోపలికి పోయింది. నేను చాప మీద కూర్చుని హంసధ్వని ఎత్తుకున్నాను. ఆలాపన గొంతులోంచి వేళ్ళలోకి దిగుతుండగా బయట సైరన్ మోగింది. ముఖ్య అతిథి. ఆయన ఒక నాయకుడు, ఏ పార్టీ అన్నది ఆ ఏడాదిని బట్టి ఉండేది. హాలంతా లేచి నిలబడింది. ధణి పక్కనుంచి చేత్తో, కోసేయమన్నట్టు సైగ చేశాడు. కోసేశాను. వినవలసిన వాళ్ళయినా విన్నారా అంటే అదీ లేదు. అంతమందీ పెళ్ళికూతురి గదిలో ఉన్న ఒక్క బాత్‌రూము ముందు వరసలో నిలబడి ఉన్నారు.

తరువాత కండక్టరు వచ్చి, నాయకుడికి వీపు పెట్టి నిలబడ్డాడు. వెంట వచ్చినవాళ్ళలో గుసగుస మొదలైంది. "ఏందప్పా ఇది, సాహేబ్రికి వీపు చూపిస్తాండాడు!" ఒకాయన ఏకంగా వేదిక ఎక్కి, కండక్టరును భుజాలు పట్టుకుని మెల్లగా ఇటువైపు తిప్పాడు. పాపం ఆయన ఇది ఇక్కడి ఆచారం కాబోలనుకుని, ఒక వంగుడు వంగి, మళ్ళీ అటు తిరిగాడు. మళ్ళీ తిప్పారు. మూడోసారి నేనే వెళ్ళి అడ్డుపడ్డాను. మైకులు వద్దని వాళ్ళు ముందే రాసి పంపినా మైకు సాయిబు ఊరుకోలేదు. "ఎకో లేకుంటే మజా ఏముంది మేడం?" అని వయొలిన్లన్నిటికీ ఎకో పెట్టాడు. ఒకసారి వాయించింది రెండుసార్లు వినబడింది. ధణి మాత్రం ముందు సోఫాలో హాయిగా నిద్రపోయాడు.

రెండో కచేరీకి పియానో బెంగళూరు నుంచి లారీలో బయలుదేరి, ఖనిజం లారీల వరసలో చిక్కుకుంది. అది వచ్చేలోపు నా ప్రార్థన అయిపోవాలి. పల్లవి దగ్గరున్నాను. "టీచరమ్మా, స్వల్ప జరగండి" అంటూ హమాలీలు పియానోను నా చాప మీదుగానే మోసుకుపోయారు. గుడ్డ తీస్తే ఇటుక రంగులో ఉంది. ఒకతను తడిగుడ్డతో పియానో మెట్లన్నీ మోగేలా ఆ చివర నుంచి ఈ చివరకు, మళ్ళీ అటు నుంచి ఇటు తుడిచాడు. హాలు దద్దరిల్లేలా చప్పట్లు పడ్డాయి. ఆ రోజు అన్నిటికంటే ఎక్కువ చప్పట్లు ఆ హమాలీకే.

నేను ఇంటికి పోతూ ధణిని నిలదీశాను. "ప్రార్థన పూర్తిగా లేకపోతే మూడో కచేరీకి నేను రాను. మీరే వచ్చి వాయించుకోండి."

"కోపం ఎందుకు టీచరమ్మా, ఈసారి గెస్టు లేటుగా వస్తాడంట. వచ్చేంత దాకా మీ ఇష్టం, ఎంతసేపన్నా వాయించుకోండి" అన్నాడు.

మూడో కచేరీ వయొలిన్ ఆవిడది. అరవై దాటిన మనిషి, మగవాడి క్రాపు, చదును చెప్పులు. పక్క వాయిద్యం ఏమీ లేదు, ఒక్కతే. నేను చాప మీద కూర్చునేటప్పుడు చూస్తే ఆవిడ తెర పక్కనే స్టూలు మీద కళ్ళు మూసుకుని, తల వంచి కూర్చుంది. నన్ను వింటోంది. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే మైకులో వినబడుతుందని భయపడ్డాను.

ఆ రోజు కాంభోజి వాయించాను. అతిథి రాలేదు, సైరన్ లేదు, ఎవరూ పియానో మోయలేదు. ఆలాపన, కీర్తన, నెరవు, స్వరాలు, ఏదీ వదల్లేదు. నా చేయి నా మాట విన్న రోజు అది. చివరి స్వరం దగ్గర కమాను ఆగినప్పుడు, మా గురువుగారు ఉంటే ఈ పూట తిట్టేవారు కాదని నాకే తెలిసింది. అలాంటి మాట నేను నా గురించి ఎప్పుడూ అనుకోలేదు.

లేచి తిన్నగా ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ కళ్ళు తెరిచి, నన్ను చూసి నవ్వి, రెండు చెవుల్లోంచి రెండు దూది ఉండలు తీసింది. తను వాయించే ముందు ఇంకో శ్రుతి చెవిలో పడనివ్వదట, ఎన్నో ఏళ్ళ అలవాటట. "బాగా వచ్చిందా?" అని ఎంతో ఆప్యాయంగా అడిగింది.

నాకు తెలిసిన తెలుగు తిట్లన్నీ, కన్నడం తిట్లు తోడు తెచ్చుకుని, గొంతుదాకా వచ్చాయి. "గుడ్, గుడ్" అని ఇంగ్లీషులో అని పక్కకు వచ్చేశాను. ఒళ్ళంతా మండిపోతోంది. ఇంటికి పోదామనుకున్నాను కానీ పోలేదు. ఆవిడ వాయిద్యంలో తప్పులు పట్టుకోవాలని, కేవలం అందుకోసం, వెనక వరసలో కూర్చున్నాను.

ఎంత వెతికినా తప్పు దొరకలేదు. దాంతో ఇంకా మండింది.

మొదటి అంశం కాగానే నాయకుడు వచ్చాడు. ఆవిడను అక్కడే నిలబెట్టి సన్మానం మొదలుపెట్టారు. తలకు మైసూరు పేట, భుజాన శాలువా, మెడలో మోకాళ్ళదాకా బంతిపూల దండ, చేతిలో పళ్ళ బుట్ట, ఆ పైన ఇత్తడి లారీ బొమ్మ. వయొలిన్ ఎక్కడ పెట్టాలో తెలియక ఆవిడ దాన్ని చంకలో ఇరికించుకుంది. నాయకుడు ఖనిజం గురించి, సంస్కృతి గురించి, మళ్ళీ ఖనిజం గురించి మాట్లాడాడు. పేట తీస్తే మనం నొచ్చుకుంటామని ఆవిడ తలమీద దాన్ని ఉంచుకునే రెండో అంశం వాయించింది.

అది కాగానే నాయకుడు లేచాడు. ఆయన లేస్తే వెంట వచ్చినవాళ్ళు లేవాలి, వాళ్ళు లేస్తే ఫోటోల కోసం మిగతావాళ్ళు లేవాలి. ఇంతలో కింద భోజనాల హాలు తలుపులు తెరిచారు. పలావు వాసన మెట్లెక్కి వచ్చింది. చూస్తుండగానే హాలు ఖాళీ అయింది. సాయిబు వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు. సోఫాలో ధణి ఒక్కడే నిద్రలో ఉన్నాడు. ఆవిడ వాయించవలసిన పెద్ద అంశం ఇంకా మిగిలే ఉంది. వయొలిన్ భుజాన పెట్టుకుని ఆవిడ ఆ ఖాళీ కుర్చీల వైపు చూసింది.

ఆ చూపు నాకు బాగా తెలుసు. నేను ఇరవై ఏళ్ళుగా అలా చూస్తున్నదాన్నే.

బాగా అయిందని ఒక్క క్షణం అనుకున్నాను, దాచను. తరువాత లేచి, నడిచి వెళ్ళి, ధణి పక్క సోఫాలో, ఆవిడకు ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. "వైర్లు తరువాత చుట్టుకోప్పా" అని సాయిబును గదమాయించాను. ఆవిడ నన్ను చూసింది, కళ్ళు మూసుకుంది, మొదలుపెట్టింది.

ఆ సంగీతం ఏమిటో నాకు తెలియదు. ఒకే మాటను తిప్పి తిప్పి, ఒక్కోసారి ఒక్కో రకంగా చెబుతూ పోయింది. ఒకచోట ఎంత ఎత్తుకు వెళ్ళి ఎంత మెత్తగా దిగిందంటే, "భేష్!" అని నా నోట్లోంచి గట్టిగా వచ్చేసింది. మూడు కచేరీలకూ జనాన్ని నోరు మూసుకోమని వేధించినదాన్ని నేనే. ఆవిడ ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. ఆ తరువాత ఇంక మూయలేదు. నా ముఖం చూస్తూనే చివరిదాకా వాయించింది.

అయిపోయాక చప్పట్లు కొట్టింది నేను ఒక్కతెనే. ఆవిడ తలమీది పేట తీసి పక్కన పెట్టి, దండ తీసి, వేదిక అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది. నా పెట్టె వైపు చూపించి, "ఇప్పుడు మీరు. నేను వింటాను" అంది.

కింద విస్తళ్ళ చప్పుడు, ఎవరో పెరుగు కోసం అరుస్తున్నారు. నేను వయొలిన్ తీశాను. ఏసీకి తీగలు సడలి ఉన్నాయి, సరిగ్గా బిగించే ఓపిక చేతులకు లేదు. మళ్ళీ కాంభోజే ఎత్తుకున్నాను. గాంధారం జారింది. ఆవిడ కనుబొమ్మ చిన్నగా కదిలింది. అనుపల్లవిలో కమాను గీరుకుంది. కనుబొమ్మ మళ్ళీ కదిలింది. నెరవులో దారి తప్పి ఎలాగో తిరిగి వచ్చాను, అదీ గమనించింది. ఆ రాగం ఆవిడకు తెలియకపోవచ్చు, కానీ శ్రుతి తప్పితే తెలియని వయొలిన్ మనిషి ఉండదు.

ఇరవై ఏళ్ళలో నా తప్పు ఒక్కటంటే ఒక్కటి ఎవరూ పట్టుకోలేదు, వింటే కదా పట్టుకోవడానికి. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. కళ్ళు తుడుచుకోవడానికి చేయి ఖాళీగా లేదు, అందుకని అలాగే వాయిస్తూ పోయాను.