జుమేరాత్ బజార్ రెసిస్టర్

అంజనన్న చివరిసారి చేసిన పని, డాబా మీది ఏరియల్ తీగకు రెండు కొసలా జానెడు రాగి ముక్క అతకడం. టంకం ఆరేదాకా ఊది, గిలాసలో మిగిలిన చాయ్ తాగి కిందికి దిగాడు. మధ్యాహ్నానికి లేడు. గుండె ఆగిపోయిందన్నారు.

మా అన్నా, ఆయన దోస్తు వెస్లీ తార్ ఆఫీసులో టెలిగ్రాములు కొడుతూ పక్కపక్కన కూర్చుని పనిచేశారు. రిటైరయ్యాక హామ్ రేడియో లైసెన్సు తీసుకుని, అన్న గౌలిపుర నుంచీ, వెస్లీ కాజీపేట నుంచీ రోజూ పొద్దున మోర్స్ టకటకల్లో మాట్లాడుకునేవారు. పక్షవాతం వచ్చి వెస్లీకి మాట పోయింది. ఫోన్ చెవి దగ్గర పెడితే మొహం తిప్పుకునేవాడు. రేడియో మాత్రం ఆపనిచ్చేవాడు కాదు. సరిగ్గా అప్పుడే గాలివానకు అన్న ఏరియల్ తెగిపోయింది.

కొత్త తీగ కట్టాడు. దాని ఇంపీడెన్స్, అంటే రేడియో కరెంటుకు అది అడ్డుపడే కొలత, యాభై ఓములకు దగ్గరగా ఉంటేనే సెట్టు బలమంతా గాలిలోకి పోతుంది. కొలవడానికి అరచేతిలో పట్టే చైనా మీటరు తెప్పించాడు. కొలిచే ముందు, యాభై ఓములంటే ఇదీ అని దానికి ఒక రెసిస్టర్ చూపించాలి. మీటరుతో వచ్చింది ఎక్కడో పడిపోయింది. జుమేరాత్ బజార్ తుక్కులో ఇంకోటి వెతికి తెచ్చాడు. మామూలు మీటరు మీద సరిగ్గా యాభై.

తీగ పొట్టిదంది చైనా మీటరు. అన్న ముక్క చేర్చాడు. ఇంకా పొట్టిదే అంది.

"ఏంది అంజన్ భాయ్, నా గోడ మీదికి గూడ వస్తివి? నా బర్రెను గూడ దీనికే కట్టెయ్యాల్నా?" అన్నాడు పక్కింటి పాల మల్లన్న.

"నీ బర్రె రాగిదైతే చెప్పు, కడత," అన్నాడు అన్న. నవ్వలేదు.

పొద్దున్నే మోర్స్‌లో వెస్లీ పేరు కొట్టి, వెంటనే వాళ్ల బిడ్డ స్వీటీకి ఫోన్ చేసేవాడు.

"డాడీకి ఇనొచ్చిందా బిడ్డా?"

"ఏమో అంకుల్. నాకైతే అంత గరగరే."

"వాడు పోయేలోపల ఒక్కసారన్న ఇనాలె," అంటూ మళ్లీ డాబా ఎక్కేవాడు. చివర్లో తిండి కూడా మానేశాడు.

దినాలకు వచ్చిన రేడియో మిత్రుడు పురుషోత్తం ఆ రెసిస్టర్ మీద అనుమానం వచ్చి పగలగొట్టాడు. లోపలంతా సన్నతీగ చుట్ట.

"మామూలు కరెంటుకు యాభయ్యే. రేడియోల గీ చుట్ట కొలతనే మారుస్తది. గందుకే మీటరు తీగ పొట్టిదని తప్పు చెప్పింది. మొదలు కట్టిన తీగే కరెక్టుగుండె. అతికినకొద్దీ చెడ్డది."

స్వీటీ కూడా వచ్చింది. మెట్ల మీద నా పక్కన కూర్చుంది.

"కొత్త తీగ కట్టిన మొదట్ల పొద్దుగాల గా గరగర వస్తుంటే డాడీ వేలు మంచంపట్టె మీద టకటక కొట్టుకుంటుండె. పోనుపోను తక్కువైంది. ఇగ మొత్తం బందైంది. చెయ్యి గూడ పడిపోయిందనుకున్న అంకుల్. మొన్న డాక్టర్ చూసి, చెయ్యి మంచిగనే ఉన్నదన్నడు."