ఏసోబు బాబాయి కొట్లో సుద్దపొడి

నేను గుళ్ల కోసమో కొండల కోసమో ఊళ్లు తిరిగే మనిషిని కాదు. కొట్ల కోసం తిరుగుతాను. దిండిగల్‌లో తాళాలు చేసేవాళ్ల సందు, కనౌజ్‌లో అత్తరు కొట్టు, ఫిరోజాబాద్‌లో గాజుల అంగడి, ఇలా దేశంలో ఎక్కడైనా ఒక మనిషి తన చేత్తో చేసి తన గడపలోనే కూర్చుని అమ్ముతున్నాడని తెలిస్తే చాలు, రైలెక్కేస్తాను. నాకు కాలు ఒకచోట నిలవదని మా వదిన దెప్పుతూ ఉంటుంది. ఆ కాలి సంగతి ఇన్నాళ్లూ ఈ బ్లాగులో రాయలేదు. చిన్నప్పుడొచ్చిన పోలియో వల్ల నా ఎడమ కాలు కుడికాలి కన్నా పొట్టి. మామూలు చెప్పులేసుకుంటే వీధి చివరి దాకా నడవలేను. ఇరవయ్యేళ్లుగా నన్ను దేశం తిప్పింది తెనాలిలో ఏసోబు బాబాయి కుట్టిన చెప్పులు. ఎడమ దానికి లోపల తోలు పొరలు పేర్చి, రెండు కాళ్లూ సమానం చేసేవాడు.

నిరుడు ఆఖరి జోడు తెగిపోయి తెనాలి వెళ్తే కొట్టు మూసి ఉంది. ఆయన ఫోను పలకలేదు. సరేలెమ్మని, ఆయన కుట్టిన మొట్టమొదటి జోడు గుర్తుగా బీరువాలో దాచుకున్నాను కదా, అది తీసి విజయవాడలో ఒకాయనకిచ్చి ఇలాంటివే చెయ్యమన్నాను. అచ్చు గుద్దినట్టు చేసిచ్చాడు, వంక పెట్టడానికి లేదు. రెండు నెలలకే తుంటి నొప్పి మొదలైంది. రెండోసారి దిండిగల్ వెళ్లినప్పుడు మెట్టు దిగుతూ చీర కాళ్లకి అడ్డం పడి బోర్లా పడ్డాను. సగం ప్రయాణంలో ఇంటికొచ్చేశాను. అప్పట్నుంచి చీర మానేసి చుడీదార్లే. డాక్టరు తిరుగుళ్లు తగ్గించుకోమన్నాడు. మా వదిన "ఇక చాల్లే, ఎన్నాళ్లు తిరుగుతావు?" అంది. నిజం చెప్పాలంటే నాకు భయమేసింది. మూడు నెలలు ఇంట్లో కూర్చుని, చివరికి ఏసోబు బాబాయి ఎక్కడున్నా వెతికి పట్టుకోవాల్సిందేనని బయల్దేరాను.

విజయవాడలో పొద్దున్నే ఏడు గంటల ప్రాంతంలో ప్యాసింజర్ ఎక్కితే ఎనిమిదిన్నర లోపు తెనాలిలో దిగుతారు. టికెట్టు పాతిక రూపాయల లోపే. స్టేషన్ బయట ఇడ్లీ తిని, నలభై రూపాయలిచ్చి, హుషారుగా బజారుకి వెళ్లాను. తెనాలిలో కొట్లు పదింటికి గానీ తెరవరు. అది మర్చిపోయి ముందే వెళ్లినందుకు గంట సేపు కాలవ గట్టున కాళ్లీడ్చుకుంటూ తిరిగాను. ఏసోబు బాబాయి కొట్టున్న చోట ఇప్పుడు మొబైల్ కవర్లు వేలాడుతున్నాయి. ఎదురుగా ఉన్న నాటకాల డ్రస్సుల కొట్టు మాత్రం అలాగే ఉంది. దాని యజమాని కరీం భాయ్ అప్పుడే షట్టరు ఎత్తుతున్నాడు.

మీరు తెనాలి వెళ్తే ఈ కొట్టు చూడకుండా రాకండి. మేకులకి కిరీటాలు, మూలన రేకు గదలు, గాజు సీసాల్లో మీసాలు. దుర్యోధనుడి మీసం ఒక సీసాలో, భీముడి మీసం ఇంకో సీసాలో. రెంటికీ తేడా ఏంటని అడిగాను. "భీముడిది కొస పైకి చూస్తదమ్మా, దుర్యోధనుడిది అద్దంలోకి చూస్తది," అన్నాడాయన, నవ్వకుండా. కిరీటం అద్దె రోజుకి మూడొందలు. తల కొలతకి టేపు వాడడు, దారం చుట్టి ముడేస్తాడు. అతని రాజులందరికీ జరీ చెప్పులు కుట్టింది మా ఏసోబు బాబాయే.

"ఆయన కోసమా?" అన్నాడు కరీం భాయ్, చేతిలో కిరీటం పక్కన పెట్టి. "చూపు పోయిందమ్మా. బాపట్లలో కూతురింటికి వెళ్లిపోయాడు. నా దుర్యోధనులు అప్పట్నుంచి కొన్న చెప్పులే వేసుకుంటున్నారు."

చూపు పోయిన మనిషి చెప్పులేం కుడతాడు? నా పని అయిపోయిందనుకున్నాను. అయినా అడ్రసు రాయించుకున్నాను. చెప్పుల కోసం కాకపోయినా మనిషిని చూడాలి కదా.

తెనాలి నుంచి బాపట్లకి రైల్లో గంట లోపే. పన్నెండింటికి దిగి, స్టేషన్ దగ్గర మెస్సులో నూటపది రూపాయల భోజనం చేశాను. చేపల పులుసు విడిగా కొనుక్కోవాలి, కొనుక్కోండి, పశ్చాత్తాపపడరు. వ్యవసాయ కాలేజీ వెనక వీధికి ఆటో యాభై అడిగాడు. ఆ ఇంటి గేటు తీసి నాలుగడుగులేశానో లేదో, వరండాలో కుర్చీలో కూర్చున్న ఏసోబు బాబాయి తల ఎత్తాడు.

"ఏ ఊరి నించి వస్తున్నావమ్మాయ్?"

నా నడక చప్పుడు విని పోల్చుకున్నాడు. నాకు ఏడుపొచ్చేసింది. అది బయటికి రానియ్యకుండా, "దిండిగల్ నుంచి బాబాయ్," అన్నాను. ఎప్పుడు వెళ్లినా ఆయన మొదటి ప్రశ్న అదే. నన్ను కొట్లో అటూ ఇటూ నడిపిస్తూ, వెళ్లొచ్చిన ఊళ్ల కబుర్లన్నీ చెప్పించుకునేవాడు. ఆ కొట్లో నేల మీద ఎప్పుడూ తెల్లటి పొడి ఉండేది. ఏంటి బాబాయ్ ఇది అంటే, చీమల మందమ్మా అనేవాడు. నా చీర అంచంతా తెల్లబడిపోతోందని ప్రతిసారీ కసురుకునేదాన్ని.

"పడ్డావా?" అన్నాడిప్పుడు.

"ఎవరు చెప్పారు?"

"ఎడం మడమ ఈడుస్తన్నావు. చెప్పు ఇటియ్యి."

చెప్పు ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో పక్కలంతా తడిమాడు. "ఇది నా పనితనం కాదు. కానీ కొలత నాదే, మొదటి జోడుది. ఎవడిచ్చాడిది?"

"నేనే బాబాయ్. మొదటి జోడు దాచుకున్నాను, అది చూపించి చేయించాను."

ఆయన చెప్పు తుడిచి నా చేతికిచ్చాడు. "రేపల్లెలో నా మేనకోడలు సలోమి ఉంది. పదేళ్లు నా దగ్గర పని నేర్చింది. నీ కాయితాలన్నీ దాని కాడే ఉన్నయ్. పో, ఇయ్యాలే పో." నేను లేచేసరికి, "ఒంటి మీద ఏం వేసుకున్నావు?" అన్నాడు.

"చుడీదార్."

"చీర కట్టుకుని పో."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. యాభై రెండేళ్లొచ్చాక కూడా ఏం కట్టుకోవాలో మగవాళ్లు చెప్పడమేంటి? చూపు పోయినా పెత్తనం పోలేదనుకున్నాను. పెద్దాయన కదా అని నోరు మూసుకుని, దణ్ణం పెట్టి, చుడీదార్‌లోనే బస్టాండుకి వెళ్లాను.

బాపట్ల నుంచి రేపల్లెకి చెరుకుపల్లి మీదుగా బస్సుంది, గంటన్నర పైచిలుకు. ఆడవాళ్లు ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్టు కొట్టిస్తారు, కార్డు మర్చిపోకండి. దారంతా పొలాలే. మూడున్నరకి రేపల్లెలో దిగి, సలోమి కొట్టు ఎక్కడని బస్టాండులో అడిగితే వలల కొట్టు పక్కన అన్నారు. ఆ వలల కొట్టు కూడా చూడదగ్గదే. వల కన్ను ఎంతుండాలో అక్కడ వేళ్లతో చెబుతారు, రెండు వేళ్ల కన్ను, మూడు వేళ్ల కన్ను అని. వల కొనే మనిషి తన వేళ్లే దూర్చి చూసుకుంటాడు. అమ్మేవాడి వేళ్లు సన్నగా ఉంటే లాభం లేదట.

సలోమికి నలభై ఏళ్లుంటాయి. కొప్పులో పెన్సిలు, ఒళ్లో తోలుముక్క. నన్ను తలెత్తి చూసి, "మావయ్య ఫోన్ చేశాడక్కా. చీర కట్టుకురాలేదా?" అంది.

"ఏంటమ్మా మీ ఇంటిల్లిపాదీ? చెప్పులకీ చీరకీ సంబంధమేంటి?" అని గట్టిగానే అడిగాను.

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. లేచి, అలమరలోంచి డబ్బా తీసి, నేల మీద తెల్లటి పొడి చల్లింది.

"మీ కొట్లో కూడా చీమలేనా?"

"చీమలేంటక్కా? ఇది సుద్దపొడి. కాలు పొట్టయిన వైపు నడుం దిగుద్ది, నడుం దిగితే ఆ పక్క చీర అంచు నేలకి తగులుద్ది. సుద్ద అటే అంటుద్ది. అంచు చుట్టూ సమానంగా అంటేదాకా పొరలు వెయ్యాలి. మావయ్య మీకు కొలిచింది ఇట్టానే. టేపు పెట్టి కొలిస్తే మనిషి బిగుసుకుని నిలబడుద్ది, నడక తెలవదు."

ఇరవయ్యేళ్లు ఆ పొడి గురించి ఆయన్ని తిట్టాను.

చీర తెచ్చుకోలేదు కదా, రెండు కొట్ల అవతల ఒక చిన్న చేనేత కొట్టుంటే అక్కడికి పరిగెత్తాను. చుట్టుపక్కల మగ్గాల మీద నేసినవే అమ్ముతారు. ముదురు నీలం నూలు చీర తొమ్మిదొందల యాభై. నలుపైతే ఇంకా బాగా కనపడుద్దని సలోమి వెనక నుంచి కేకేసింది గానీ నలుపు నాకు నచ్చదు. తిరిగొచ్చి, గోడకి వీపు ఆనించి, చుడీదార్ మీదే చీర చుట్టుకున్నాను. ఆ వేషం కరీం భాయ్ చూస్తే అద్దెకి అడిగేవాడు. సలోమి ఇనప పెట్టెలోంచి నా కాయితాలు తీసి బల్ల మీద పరిచింది. పది కాయితాలు, ఒక్కో జోడుకి ఒకటి. పెన్సిలుతో గీసిన నా ఎడమ పాదం, దాని పక్కన ఒక అంకె. మొదటి దాని మీద ఆరు. మూడోది ఏడు. ఆరోది ఎనిమిది. చివరిది తొమ్మిది.

"ఈ అంకెలేంటి?" అన్నాను, తెలుస్తూనే ఉన్నా.

"పొరలక్కా. వయసు వచ్చేకొద్దీ ఆ పక్క నడుం ఇంకాస్త వాలుతోంది. మీరు ఆరు పొరల జోడు పట్టుకెళ్లి చేయించుకున్నారు. మూడు పొరలు తక్కువైతే పడక ఏమవుద్ది?"

ఇరవయ్యేళ్లలో నా కాలు ఏమీ మారలేదని, నేను అప్పుడెంతో ఇప్పుడూ అంతేనని అందరికీ గొప్పగా చెప్పుకునేదాన్ని. మార్పు నాకు తెలియకుండా చూసింది ఆయన.

"నాకు ఒక్కసారైనా చెప్పలేదేం?"

"నేనూ అదే అడిగాను. చెప్తే ఆ అమ్మాయి భయపడి ఊళ్లు మానేసుద్ది, చెప్పొద్దన్నాడు."

"అయితే నన్ను నడిపించడానికే ఊళ్ల కబుర్లు అడిగేవాడన్నమాట," అన్నాను.

"నడిపించడానికే అడిగేవాడు. ఇంటికొచ్చాక అన్నీ మాకు చెప్పేవాడు. కనౌజ్‌లో వాన పడ్డ మట్టి వాసన పట్టి సీసాలో పోస్తారంట కదక్కా?" అంది సలోమి. "మావయ్య ఈ చుట్టుపక్కల ఊళ్లు దాటి ఎరగడు. మాకు దేశం మొత్తం చెప్పాడు."

అప్పుడు ఏడ్చాను. దాచుకోవాలని కూడా అనిపించలేదు. సలోమి నన్ను ఏడవనిచ్చి, ఆ తర్వాత నడవమంది. ఎడమ చెప్పు కింద తాత్కాలికంగా ముక్కలు కట్టి, తొమ్మిది పొరల దగ్గర చూసింది. సుద్ద ఎడమ పక్క కొంచెం ఎక్కువే అంటింది. అంచు దులిపి, ఇంకోటి కట్టింది. మళ్లీ నడిచాను. ఆమె నా వెనక మోకాళ్ల మీద కూర్చుని అంచు పట్టి చూసింది.

"పది పడిందక్కా. నేను మావయ్యలాగా దాచను, చెప్పే చేస్తాను. ఊళ్లు మానేస్తారా?"

"మానను," అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ నిజమేనని నాకే తెలియలేదు.

వేసుకొచ్చిన చెప్పుకి నాలుగు పొరలు అతికి కుట్టడానికి గంటన్నర పట్టింది, రెండొందల యాభై తీసుకుంది. కొత్త జోడు పద్నాలుగొందలు, పదిరోజుల్లో కొరియర్లో పంపిస్తానంది. వద్దు, నేనే వస్తానన్నాను. చీర విప్పకుండానే బయల్దేరాను.

తిరుగు ప్రయాణానికి రేపల్లె నుంచి తెనాలి రైలు ఉంది గానీ, నేను పెనుమూడి వైపు ఆటో మాట్లాడుకున్నాను, వంతెన దాటించడంతో కలిపి రెండొందలు. వంతెన మొదట్లో ఆటో ఆపించి దిగి నడిచాను. కింద కృష్ణ, ఎదురుగాలి, పొద్దు ఇంకా ఉంది. ఆటో అబ్బాయి పక్కనే మెల్లగా నడుపుతూ, "ఎక్కండి మేడం, వంతెన శానా పొడుగు," అన్నాడు. సగం వరకూ నడిచాకే ఎక్కాను. తుంటి ఊసెత్తలేదు. వంతెన అవతల పులిగడ్డ దగ్గర విజయవాడ బస్సు కోసం నిలబడి, సలోమి ఇచ్చిన కొత్త నంబరుకి బాబాయికి ఫోన్ చేశాను. ఇన్నాళ్లూ కసిరినందుకు ఏదో చెప్పబోతే అడ్డం వచ్చాడు.

"సుద్ద ఎట్టా అంటింది?"

వంగి చూసుకున్నాను. నీలం అంచు మీద చుట్టూ ఒకటే తెలుపు. "సమానంగా ఉంది బాబాయ్."

"మరింకేం. ఈసారి ఏ ఊరు?"

"దిండిగలే. సగంలో ఆపి వచ్చేశాను కదా."

"వచ్చి చెప్పు," అని పెట్టేశాడు.

ఇన్నేళ్లూ దేశమంతా తిరిగి కొట్లని నేను కనిపెడుతున్నాననుకున్నాను. నా వెనక మోకాళ్ల మీద కూర్చుని నన్ను చూస్తున్న కొట్టు ఒకటుందని ఇప్పుడు తెలిసింది. కొలిచి, రాసిపెట్టి, నేను బెదరకుండా ఉండటానికి చీమల మీదికి నెట్టేసిన మనిషికి థాంక్స్ ఎలా చెప్పాలో నాకు తెలియదు. దిండిగల్ వెళ్లొచ్చి, బాపట్ల వరండాలో అటూ ఇటూ నడుస్తూ, తాళాల సందు గురించి ఆయనకి మొత్తం చెప్పాలి.

నాలాంటి కాలున్నవాళ్లకి ఒక్క సలహా: సలోమి దగ్గరికి సాయంత్రం పూట, నడిచి నడుం అలిసినప్పుడు, ముదురు రంగు చీర లేదా పంచె కట్టుకుని వెళ్లండి. కొలతకి బీరువాలో దాచుకున్న మొదటి జోడు కాదు, అరిగి తెగిపోయిన ఆఖరి జోడు పట్టుకెళ్లండి. నేల మీద తెల్లగా కనిపిస్తే కిందికి చూడకండి, ఈమధ్య ఏ ఊరెళ్లొచ్చారో చెబుతూ నడవండి.